అయేషా గెలిచిన పోటీ

చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకోగలిగేంత ఆవిరి ఇంజను నిజంగా బొగ్గు మండించుకుని, నీళ్లు మరిగించుకుని, వెనక తగిలించిన ట్రాలీ మీద కూర్చున్న నిండు మనిషిని లాక్కుపోగలదా? వందేళ్ల కిందట ఇంగ్లండులో ఈ ప్రశ్న మీద పెద్ద రగడే జరిగింది. ఉత్తరాలు రాసుకున్నారు, సవాళ్లు విసురుకున్నారు, చివరికి జనం కళ్ల ముందే పోటీ పెట్టి తేల్చుకున్నారు. ఇప్పుడు బ్రిటన్ పార్కుల్లోనూ, కాలిఫోర్నియా కొండల మీదా ఆదివారంపూట పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బుల్లి ఆవిరి రైళ్లు మామూలు జీతగాడికి కూడా అందాయంటే అది ఆ రగడ పుణ్యమే.

అంతకుముందు ఇది దొరల వ్యవహారం. డెర్బీషైర్‌లోని డఫీల్డ్ బ్యాంక్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ 1874లో తన ఇంటి ఆవరణలోనే 15 అంగుళాల గేజి రైలుమార్గం మొదలుపెట్టాడు. ఎస్టేట్లలో సరుకు మోయడానికి ఎంత సన్నని గేజి చాలుతుందో తేల్చాలన్నది ఆయన పట్టుదల. ఇంజన్లు సొంత వర్క్‌షాపులో కట్టుకున్నాడు. పని గొప్పదే, కాని అంత స్థలం, అంత డబ్బు ఎవరికుంటాయి? 1899లో నార్తాంప్టన్‌లో మొదలైన బాసెట్-లోక్ కంపెనీ తయారు ఇంజన్లను కేటలాగు వేసి అమ్మింది. అవీ ఉన్నవాళ్ల ఇళ్లకే చేరాయి.

మరోవైపు 1898లో పర్సివల్ మార్షల్ లండన్‌లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక పెట్టాడు. దాన్ని చదివేవాళ్లలో గుమాస్తాలు, ఫిట్టర్లు, బడిపంతుళ్లు ఉండేవాళ్లు. పెరట్లో చిన్న షెడ్డు, అందులో కాలితో తొక్కే లేత్, వారానికి కొన్ని సాయంత్రాలు, ఇవే వాళ్ల ఆస్తి. వీళ్లకు తాము నడిపే ఆవిరి ఇంజను కావాలి. అల్మారాలో పెట్టి చూసుకునే బొమ్మ కాదు.

అడ్డం వచ్చింది బాయిలర్. ఆ రోజుల్లో పెరటి రైళ్లకు వాడుతున్న రెండున్నర అంగుళాల గేజిలో ఇంజను అసలు దానిలో దాదాపు 24వ వంతు ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 24వ వంతుకు కుదిస్తే లోపల పట్టే నీళ్లు దాదాపు 14 వేలవ వంతుకు పడిపోతాయి. వేడిని బయటికి వదిలేసే పైతలం మాత్రం 576వ వంతు దగ్గరే ఆగుతుంది. అంటే నిల్వ ఉన్న వేడి తక్కువ, చల్లారడం ఎక్కువ. పొయ్యిలోని మంటను నీళ్ల మధ్య నుంచి తీసుకెళ్లే గొట్టాలను పెద్ద ఇంజనులో ఉన్నన్నీ అదే లెక్కన పెడితే అవి ఎంత సన్నబడతాయంటే కాస్త మసి పట్టగానే మూసుకుపోతాయి. బొగ్గు ముక్కనూ, మంటకు కావలసిన గాలినీ స్కేలుకు కుదించలేం కదా.

అందుకే హెన్రీ గ్రీన్లీ లాంటి పేరున్న డిజైనరు ఇంత చిన్న ఇంజన్లకు బొగ్గు పనికిరాదన్నాడు. స్పిరిట్ దీపం పెట్టి, నీళ్లు సన్నని గొట్టాల్లో తిరిగే వాటర్‌ట్యూబ్ బాయిలర్ వాడాలన్నది ఆయన మాట. గ్రీన్లీ ఆషామాషీ మనిషి కాదు. బాసెట్-లోక్ ఇంజన్లకు రూపం ఇచ్చింది ఆయనే. 1927లో కెంట్ తీరాన మొదలై ఇప్పటికీ నడుస్తున్న రోమ్నీ, హైథ్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే వెనకా ఆయన చెయ్యి ఉంది. ఆయన కాదన్నాక అందరూ అంతేనేమో అనుకున్నారు.

1922లో ‘ఎల్.బి.ఎస్.సి.’ అనే పొడి అక్షరాల సంతకంతో పత్రికకు ఎదురు ఉత్తరం వచ్చింది. రాసింది లారెన్స్, తెలిసినవాళ్లకు ‘కర్లీ’ లారెన్స్. లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో పనిచేసిన మనిషి. ఆ కంపెనీ పేరులోని అక్షరాలనే కలంపేరు చేసుకున్నాడు. తన రెండున్నర అంగుళాల గేజి ఇంజను ‘అయేషా’ బొగ్గుతోనే నడుస్తుందనీ, మనిషిని లాగుతుందనీ ఆయన రాశాడు. అయేషాకు ఒరవడి బ్రైటన్ లైన్ మీద పరుగెత్తే అట్లాంటిక్ తరగతి ఇంజను.

ఆయన రహస్యం ఏమిటంటే, పెద్ద ఇంజనును గుడ్డిగా కుదించకపోవడం. బయటి రూపం స్కేలుకు ఉంచాడు, లోపల మాత్రం మంట ఏం కోరితే అది ఇచ్చాడు. గొట్టాలు తక్కువ పెట్టాడు, వెడల్పుగా పెట్టాడు. పొయ్యిని లోతుగా కట్టాడు. సిలిండర్‌లో పని చేసి వచ్చిన ఆవిరిని పొగగొట్టంలోకి చిమ్మే నాజిల్‌ను సరిగ్గా కుదిర్చాడు. ఆ చిమ్మే ఆవిరే పొయ్యిలోంచి గాలిని గుంజుతుంది. ఇంజను మీద బరువు పెరిగేకొద్దీ చిమ్మడం గట్టిపడుతుంది, గాలి ఎక్కువవుతుంది, మంట రగులుతుంది. తన ఆకలికి తానే వంట చేసుకునే ఏర్పాటు ఇది. ఆవిరి ఇంజనులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే సంగతి ఇదే.

1924లో లండన్‌లో మోడల్ ఇంజనీర్ ప్రదర్శన జరిగినప్పుడు అందరి ముందూ పరీక్ష పెట్టారు. ఒకవైపు బాసెట్-లోక్ పంపిన ‘చాలెంజర్’, ఇంకోవైపు అయేషా. బుల్లి అయేషా బొగ్గు తింటూ మనిషిని లాగింది. వాదనలు ఆ ఒక్క రోజుతో చల్లారలేదు గాని, చూసినవాళ్లకు సందేహం మిగల్లేదు. చరిత్రలో దీనికి బాయిలర్ల యుద్ధం అనే పేరు నిలిచిపోయింది.

గెలిచిన తర్వాత లారెన్స్ చేసిన పని నా దృష్టిలో ఆ గెలుపుకన్నా పెద్దది. ఆ ఏడాదే ‘మోడల్ ఇంజనీర్’లో శీర్షిక మొదలుపెట్టి, మధ్యలో ఎడబాట్లు ఉన్నా 1967లో కన్నుమూసేదాకా రాశాడు. ఒక్కో ఇంజనును వారంవారం విడగొట్టి చెప్పేవాడు. ఈ వారం ఫ్రేములు, వచ్చే వారం ఇరుసులు, ఆపై చక్రాలు. ఏ రంధ్రానికి ఏ సైజు డ్రిల్లు, రేకును ఎలా వంచాలి, రాగిని ఎప్పుడు కాల్చి మెత్తబరచాలి, అన్నీ ఎదురుగా కూర్చుని చెప్పినట్టు ఉండేవి. చదివేవాడి దగ్గర చిన్న లేత్, ఆకురాయి, బ్లోల్యాంప్ తప్ప మరేమీ ఉండవన్న ఎరుకతోనే గీసేవాడు. డబ్బు కూడా ముక్కలు ముక్కలుగానే ఖర్చయ్యేది. ఈ నెల చక్రాల పోతలు కొనుక్కుంటే సిలిండర్లకు వచ్చే నెల జీతం దాకా ఆగొచ్చు. రెండు మూడేళ్లకు ఇంజను పూర్తయ్యేది, అప్పు లేకుండా.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన ‘టిచ్’ అనే నాలుగు చక్రాల చిన్న ట్యాంక్ ఇంజనును కొత్తవాళ్ల కోసమే గీశాడు. గేజి మూడున్నర అంగుళాలు. మైఫోర్డ్ కంపెనీ ఎంఎల్-7 లేత్ కూడా ఆ కాలంలోనే వచ్చింది. మధ్యతరగతి షెడ్డులో ఆ లేత్, దాని మీద టిచ్ చక్రాలు, ఇలా కొన్ని వేల సాయంత్రాలు గడిచి ఉంటాయి. అయితే చిన్నది కాబట్టి తేలిక అనుకోకూడదు. టిచ్ బాయిలర్‌లో నీళ్లు తక్కువ, పొయ్యి చిన్నది. నిప్పు మీద నుంచి చూపు కాస్త మళ్లిందంటే ఆవిరి పడిపోతుంది. కట్టడానికి చవక, నడపడానికి మాత్రం ఓపిక కావాలి.

ఆ లోటును తర్వాతి తరం పట్టించుకుంది. జాక్ బక్లర్ అయిదు అంగుళాల గేజికి గీసిన ‘స్వీట్ పీ’ అందుకు మంచి ఉదాహరణ. తోటల్లో, క్వారీల్లో తిరిగే బాగ్నల్ కంపెనీ నారోగేజి ఇంజన్ల పోలిక అది. నారోగేజి బండి కాబట్టి పట్టాల వెడల్పుతో పోలిస్తే ఇంజను ఒళ్లు పెద్దది, బాయిలర్ లావు, పొయ్యి విశాలం, డ్రైవర్ చేతులు ఆడడానికి చోటు. పొయ్యి గుండ్రని గొట్టం ఆకారంలో ఉంటుంది కాబట్టి పలకలు వంచి, వాటిని పట్టి ఉంచే స్టేలు వరసగా బిగించే కష్టం చాలా తగ్గింది. సిలిండర్లలోకి ఆవిరిని వేళకు వదిలే వాల్వు గేరు కూడా సులువైన హాక్‌వర్త్ రకం. తొలి ఇంజనుగా ఏది కట్టుకోవాలని ఎవరైనా అడిగితే నేను టిచ్ కన్నా ముందు దీని పేరే చెబుతాను.

అట్లాంటిక్ అవతలా ఈ గాలి సోకింది. 1930ల ఆరంభంలో మసాచుసెట్స్‌లో చార్లెస్ పురింటన్ చొరవతో బ్రదర్‌హుడ్ ఆఫ్ లైవ్ స్టీమర్స్ పుట్టింది. ఓక్లండ్‌లో సదరన్ పసిఫిక్ రైల్వే ఉద్యోగి విక్టర్ షాటక్ తన ఇంటి నేలమాళిగలోనే పట్టాలు వేసుకున్నాడు. అక్కడే 1936లో గోల్డెన్ గేట్ లైవ్ స్టీమర్స్ సంఘం మొదలైంది. ఆ సంఘం ఇప్పుడు బర్కిలీ కొండల్లోని టిల్డెన్ పార్కులో ఆదివారాలు జనాన్ని ఉచితంగా ఎక్కించుకుంటుంది. బే ఏరియాలో స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఇది కూతవేటు దూరం. వాల్ట్ డిస్నీ 1950లో ఇంటి ఆవరణలో ఏడుంపావు అంగుళాల గేజి మీద అర మైలు లైను వేసి, భార్య పేరు కలిసొచ్చేలా ఇంజనుకు ‘లిల్లీ బెల్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆయనకు స్టూడియో వర్క్‌షాపు అండ ఉంది. షాటక్‌కు ఉన్నది నేలమాళిగ. ఇద్దరిలో నాకు షాటక్ మీదే మక్కువ.

ఇలాంటి బుల్లి ఇంజనుకు ఆవిరి పట్టించడం చూడాల్సిన పని. ముందు నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్లున్నాయో లేదో చూస్తారు. పొగగొట్టం మీద చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను అమరుస్తారు. కిరోసిన్‌లో నానిన కట్టెబొగ్గు ముక్కలు పొయ్యిలో వేసి వెలిగిస్తే ఫ్యాను గాలి గుంజి మంటను గొట్టాల్లోకి లాగుతుంది. అవి ఎర్రబడ్డాక అర అంగుళం ముక్కలుగా కొట్టిన నేలబొగ్గు, బుల్లి పారతో, కొంచెం కొంచెంగా. పావుగంటకో ఇరవై నిమిషాలకో పీడనం చూపే గేజి ముల్లు కదులుతుంది. చదరపు అంగుళానికి 20, 30 పౌండ్లు రాగానే ఫ్యాను తీసేసి ఇంజను సొంత బ్లోయర్ తిప్పుతారు. 80 దగ్గర సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంది. చల్లగా ఉన్న సిలిండర్లలో చేరిన నీళ్లను డ్రెయిన్ కాక్‌లు తెరిచి కక్కించి, సిలిండర్లలోకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ మెల్లగా లాగుతారు. ఇక నడిపినంతసేపూ కళ్లు రెండు చోట్లే: నిప్పు మీద, గాజు గొట్టం మీద. పొయ్యి పైకప్పు మీద నీళ్లు తగ్గితే రాగి మెత్తబడి కుంగుతుంది.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకునేవాడు ఇంజను కన్నా ముందు సంఘం వెతుక్కోవాలి. ఈ సరదాలో అన్నిటికన్నా ఖరీదైనది పట్టాలూ, వాటి కింద నేలా. అవి ఏ ఒక్కరివీ కాదు, సభ్యులందరివీ. బ్రిటన్ సంఘాల్లో నేలకు రెండడుగుల ఎత్తున కట్టిన ట్రాక్ మీద మూడు పట్టాలు వేసి మూడున్నర, అయిదు అంగుళాల ఇంజన్లు రెండూ నడుపుతారు. కొత్తవాడు ముందు స్టేషన్ పనికో, ట్రాక్ మరమ్మతుకో చేయి వేస్తాడు. ఎవరో ఒకరు తమ ఇంజను రెగ్యులేటర్ అప్పగిస్తారు. చదివి నేర్చుకోలేని విషయాలు అక్కడ చేతికి ఎక్కుతాయి. తర్వాత తాను కూర్చోవడానికి ట్రాలీ చేసుకోవాలి. నాలుగు ఇరుసులు, ఎనిమిది చక్రాలు, పైన చెక్క. ట్రాలీ చెయ్యగలిగినవాడు ఇంజను ఫ్రేములు చెయ్యగలడు.

ఎవరో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఇంజన్లు ఈ సంఘాల్లో చేతులు మారుతుంటాయి. చవకగా దొరుకుతాయి, కాని బాయిలర్ ఎవరు కట్టారో, కాగితాలు ఉన్నాయో లేదో చూడకుండా కొనకూడదు. ఫ్రేములు వంకరగా ఉంటే సరిచేసుకోవచ్చు, సిలిండర్ అరిగితే బోరు చేయించవచ్చు. బాయిలర్ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. రాగి పలకలను వెండి సోల్డర్‌తో అతకడం అలవాటైన చేతికే సాధ్యం. కొత్త బాయిలర్‌లో చల్లటి నీళ్లు నిండా పోసి, నడిపే పీడనానికి రెట్టింపు పెట్టి సంఘం ఇన్‌స్పెక్టర్ పరీక్షిస్తాడు. నీళ్లు నొక్కుకుపోవు కనుక అతుకు విడినా చుక్క కారి పీడనం పడిపోతుందే తప్ప బాయిలర్ పేలదు. ఆ పరీక్ష నెగ్గాకే ఆవిరి పరీక్ష. మళ్లీ కొంతకాలానికొకసారి ఒకటిన్నర రెట్ల దగ్గర చూస్తారు.

ఈ పనికి కావలసిన చేతులు మన దగ్గర లేకపోలేదు. బెజవాడ, కాజీపేట, గుంతకల్లు లోకోషెడ్లలో ఆవిరి ఇంజన్ల నిప్పు కాసిన తరం, వాటి ఇరుసులూ రాడ్లూ విప్పి బిగించిన తరం ఇంకా పూర్తిగా వెళ్లిపోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న చిన్న షెడ్డుల్లో తిరిగే లేత్‌ల మీద అయిదు అంగుళాల ఇంజను చక్రం కోయడం ఏమంత కష్టం కాదు. ఫైర్‌మన్ పార తిప్పడం చూసినవాళ్లు తాతలయ్యారు, ఆ పార పట్టినవాళ్లూ తాతలయ్యారు. ఏ ఐటీఐ అయినా ఇద్దరు ముగ్గురు పాత లోకో ఫిట్టర్లను పిలిచి, కుర్రవాళ్ల చేత ముందు ఒక ట్రాలీ, ముప్పై అడుగుల పట్టాలు చేయిస్తే చాలు. మిగతా డ్రాయింగులు లారెన్స్, బక్లర్ ఎప్పుడో గీసి పెట్టారు.