పది పైసల తేడా

ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కూ తెలుగుదేశానికీ మధ్య తొలి పందెం బియ్యం ధర మీద పడింది. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించిన ఎన్.టి.రామారావు కిలో రెండు రూపాయలకే బియ్యం ఇస్తానని తన ప్రచార వాహనం చైతన్యరథం మీద ఊరూరా తిరిగి చెప్పారు. ఆ సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కరరెడ్డి ఎన్నికలు రాకముందే కిలో రూపాయి తొంభై పైసల పథకం తెచ్చారు. ప్రత్యర్థి మాట ఇచ్చిన దానికన్నా పది పైసలు తక్కువకే బియ్యం దొరుకుతున్నా 1983 జనవరిలో ఓటర్లు రెండు రూపాయలన్న మనిషినే గెలిపించారు. అప్పటి కోపం బియ్యం ఒక్కదాని మీదే కాదు. 1978లో గెలిచిన కాంగ్రెస్ అయిదేళ్లు తిరక్కుండానే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల అంటూ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. మార్చేది ఢిల్లీ. ఆత్మగౌరవ నినాదానికి బలం అక్కడి నుంచే వచ్చింది. నిజమైన తేడా అంటూ ఉంటే అదీ, దాని తరవాత వచ్చిన పాలనా సంస్కరణలూ. పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులు పోయాయి, సమితుల చోట మండలాలు వచ్చాయి, ఆడపిల్లకు ఆస్తిలో వాటా దక్కింది. 1989లో తిరిగి గద్దెనెక్కిన కాంగ్రెస్ వీటిలో దేన్నీ వెనక్కి తిప్పలేదు.

బియ్యం ధర మాత్రం ఎవరి చేతిలోనూ నిలకడగా లేదు. కాంగ్రెస్ ఏలుబడిలో పెరిగిన ధరను 1994 ఆఖరులో ఎన్టీఆర్ మళ్లీ రెండుకు దించారు. రెండేళ్లు తిరక్కముందే, 1996లో, అదే పార్టీకి చెందిన చంద్రబాబు ప్రభుత్వం దాన్ని మూడున్నరకు పెంచింది. 2008లో కిలో రెండు రూపాయల బియ్యాన్ని తిరిగి తెచ్చినది కాంగ్రెస్ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి. 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి దాన్ని రూపాయికే ఇచ్చారు. ఎన్టీఆర్ పేరు మీద పుట్టిన పథకాన్ని కాంగ్రెస్ సగం ధరకు నడిపిందన్నమాట.

కరెంటు కథా ఇంతే. మోటారు హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయల చొప్పున శ్లాబు పెట్టి రైతుకు మీటరు బెడద తప్పించింది ఎన్టీఆర్ ప్రభుత్వమే. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి చార్జీలు పెంచిందీ తెలుగుదేశమే. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ పెంపును వ్యతిరేకించిన ఆందోళనకారుల మీద కాల్పులు జరిగాయి. ఉచిత కరెంటు ఇస్తే విద్యుత్ రంగం కుప్పకూలుతుందని ఆ పార్టీ వాదించింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీదే పెట్టారు. 2009 ఎన్నికలకల్లా రెండు పార్టీలూ ఉచిత కరెంటు హామీ ఇస్తున్నవే. అధికారంలో ఉన్నప్పుడు ఖజానా లెక్కలు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రైతు కష్టం గుర్తుకు రావడమే తప్ప, ఇందులో సిద్ధాంతం పాలు తక్కువ.

2009లో నగదు బదిలీ అన్నది తెలుగుదేశం. ఓడిపోయింది. పదేళ్ల తరవాత ఆ దారినే పెద్దయెత్తున నడిచింది రాజశేఖరరెడ్డి కొడుకు జగన్మోహనరెడ్డి పార్టీ వై.ఎస్.ఆర్. కాంగ్రెస్. అమ్మ ఒడి కింద తల్లికి ఏడాదికి పదిహేను వేలు అంది. 2024లో తెలుగుదేశం ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డకూ పదిహేను వేలంది.

అన్నిటికన్నా విచిత్రం శాసనమండలిది. 1983లో కాంగ్రెస్ ఆధిక్యం ఉన్న మండలి కొత్త ప్రభుత్వానికి అడ్డుపడుతుంటే దాన్ని రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది. కేంద్రం కదలలేదు. 1985లో రాజీవ్ గాంధీ హయాంలో పార్లమెంటు ఒప్పుకుంది. 2007లో రాజశేఖరరెడ్డి మండలిని మళ్లీ నిలబెట్టారు. 2020 జనవరిలో తెలుగుదేశం ఆధిక్యం ఉన్న ఆ మండలే రాష్ట్రానికి మూడు రాజధానులు పెట్టే బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపించింది. అయిదు రోజులకే, జనవరి 27న, జగన్మోహనరెడ్డి ప్రభుత్వం రద్దు తీర్మానం చేసింది. తండ్రి నిలబెట్టిన మండలిని కొడుకు వద్దంటుంటే, దాన్ని ఒకసారి రద్దు చేయించిన పార్టీ ఉండాలంది. తరవాత మండలిలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ బలం పెరిగింది. 2021 నవంబరు 23న అసెంబ్లీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.