బి కెమెరా, 04818

గుంటూరు అరండల్‌పేట. రాత్రి తొమ్మిది దాటింది. మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి స్టూడియోలోకి రండి. ఎడిటింగు గదిలో గోడవారగా చెక్క అర, అందులో వరుసగా నిలబెట్టిన హార్డ్‌డిస్కులు, ఒక్కోదాని మీద మార్కరుతో రాసిన సంవత్సరం. ఎడిటరమ్మాయి పక్కన స్టూలు ఖాళీగా ఉంది, కూర్చోండి. ఆమెకు అవతలి పక్క యాభై దాటిన మనిషి, ఒళ్లో బరువైన కరిజ్మా ఆల్బం. గడ్డం మాసి ఉంది.

"ఎల్లుండి నాన్నగారి పెద్దకర్మ, అమ్మా. మా అమ్మాయి పెళ్లిలో తీసిన ఈ ఫోటోలోనే ఆయన బాగున్నారు. పెద్దది చేసి ఫ్రేము కట్టించాలి."

పద్నాలుగో షీటు తెరిచి చూపిస్తున్నాడు. 2019 మాఘమాసం, రాత్రి ముహూర్తం. మండపం మీద వధూవరులు, రెండు వైపులా పెద్దలు, ఎడమ చివర తెల్ల పంచె కట్టుకున్న తాతగారు.

ఆమె 2019 డిస్కు తగిలిస్తుంది. ముందు ల్యాబుకు వెళ్లిన షీటు జేపెగ్ తెరిచి, తాతగారి వరకు గీత గీసి చూస్తుంది. 960 పిక్సెళ్ల వెడల్పు, 1200 ఎత్తు. 12×15 అంగుళాల ఫ్రేముకు పెంచితే అంగుళానికి 80 పిక్సెళ్లే వస్తాయి. పైగా ఆల్బం కోసం అందరి చర్మమూ నునుపు చేశారు; ఆయన నుదుటి ముడతలు పోయాయి, మీసం అంచులు కరిగిపోయాయి. కొడుకు తెరకేసి చూసి ఏమీ అనడు.

"దీంతో వద్దు బాబాయ్ గారూ. అసలు ఫైలు తీద్దాం."

ఇప్పుడు ఆమె చేసే పని జాగ్రత్తగా చూడండి. ఫోటోషాప్‌లో పద్నాలుగో షీటు పీఎస్‌డీ తెరుస్తుంది. ఫైలు బరువు తగ్గాలని అప్పట్లోనే లేయర్లన్నీ రాస్టరైజ్ చేసేశారు. అంటే షీటులో పట్టిన సైజుకు మించిన పిక్సెళ్లు ఇక్కడా లేవు. కానీ లేయర్ పేరు ఉంది. ఫోటోను ప్లేస్ చేసి పెట్టారు కాబట్టి ఫైలు పేరే లేయరుకు వచ్చింది. ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి లాగి వదిలి ఉంటే అక్కడ 'లేయర్ 1' అని మాత్రమే ఉండేది, ఈ రాత్రి వేల ఫోటోలు కళ్లతో వెతకాల్సి వచ్చేది.

లేయర్ పేరు చదవండి: 20190215_బి_04817-ఎడిట్.

తేదీ, సంవత్సరంతో మొదలుపెట్టి. అలా రాస్తేనే పేర్ల వరుస, కాలం వరుస ఒకటే అవుతాయి. 'బి' అంటే రెండో కెమెరా. ఆ తరవాత కెమెరా స్వయంగా వేసిన అంకె. చివరి తోక, లైట్‌రూమ్ నుంచి ఫోటోషాప్‌కు పంపినప్పుడు తగిలింది. ఒక్కో ప్రోగ్రామూ తన తోక తాను తగిలిస్తుంది, ఎక్స్‌టెన్షన్ మారుస్తుంది, టిఫ్ అంటుంది, డీఎన్‌జీ అంటుంది. తగిలించుకోనివ్వండి. మధ్యలోని అంకె మాత్రం ఇంటిపేరులా చివరిదాకా నిలవాలి. ఇది అలవాటుగా చేసే పని కాదు, బాధ్యతగా చేయాల్సిన పనని నా నమ్మకం. పెళ్లి ఫోటోకు ఎప్పుడు ఏ అవసరం వస్తుందో తీసిన రోజున ఎవరికీ తెలియదు.

అంకె ఒక్కటే చాలదు కూడా. కెమెరాలు పాటించే డీసీఎఫ్ నియమం ప్రకారం ఫైలు పేరుకు ఎనిమిది స్థానాలే, అందులో లెక్క నడిచేది చివరి నాలుగు అంకెల్లోనే; 04817లో మొదటి సున్నా ఎప్పుడూ మారదు. 9999 దాటితే మళ్లీ 0001. అదే పెళ్లిలో మొదటిదైన 'ఏ' కెమెరాలోనూ 4817 ఉండొచ్చు, ఇంకో పెళ్లిలోనూ ఉండొచ్చు. అందుకే ఇక్కడ కార్డులోంచి దించేటప్పుడే తేదీ, కెమెరా అక్షరం ముందు చేరతాయి. ఆల్బం షీట్లకు కూడా 01, 02 అని సున్నా పెట్టే మొదలుపెడతారు. లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో 10వ షీటు 2వ దానికంటే ముందొచ్చి కూర్చుంటుంది. 'ఫైనల్' అన్న మాటను ఏ ఫైలుకూ పెట్టనివ్వదు ఈ అమ్మాయి. దిద్దుబాటు జరిగిన ప్రతిసారీ వి1, వి2, వి3. పెళ్లివారు మూడోసారి మార్పులు చెప్పినప్పుడు ఏది కొత్తదో పేరే చెప్పాలి.

లైట్‌రూమ్‌లో 04817 అని కొడుతుంది. బొమ్మ వచ్చింది కానీ మూలన ఆశ్చర్యార్థకం. అసలు ఫైలు కనబడట్లేదని దానర్థం. కొడుకు ముందుకు వంగాడు.

"పోయిందా అమ్మా?"

"లేదండీ. డిస్కు అక్షరం మారింది, అంతే."

ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, కొత్త దారి చూపిస్తుంది. గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఫైళ్ల పేర్లు కేటలాగులో ఉన్నట్టే డిస్కులోనూ ఉన్నాయి కాబట్టే ఇంత తేలికైంది. ఎవరైనా విండోస్‌లోకి వెళ్లి విడిగా పేర్లు మార్చి ఉంటే, కేటలాగుకు ఆ సంగతి తెలిసేదే కాదు. పేరు మార్చాలంటే లైట్‌రూమ్‌లోంచే మార్చాలని ఆమె పట్టుబట్టేది ఇందుకే.

రా ఫైలు తెరుచుకుంది. 6000×4000. తాతగారి వరకు కత్తిరిస్తే 1600×2000. అదే ఫ్రేముకు అంగుళానికి 133 పిక్సెళ్లు. ముడతలు తిరిగొచ్చాయి. ఆమె బాణం మీట నొక్కుతుంది: 04815లో కళ్లు మూసుకున్నారు. 04816లో ఎవరో అడ్డొచ్చారు. 04818లో, ఫోటో అయిపోయిందనుకుని కాబోలు, మనవరాలి వైపు తిరిగి నవ్వుతున్నారు. ఆల్బంలోకి రాని ఫోటో.

"ఇది... ఇది ఎప్పుడూ చూళ్లేదమ్మా" అంటాడు కొడుకు. కాసేపు ఎవరూ మీట నొక్కరు. "ఇదే కట్టిద్దాం."

లైట్ల వెలుగులో 3200 ఐఎస్‌ఓ దగ్గర తీసినది, నలుపుల్లో గరుకు కనబడుతోంది. లైట్‌రూమ్‌లో డీనాయిజ్ 2023లో వచ్చింది; ఫోటో 2019ది. రా ఫైలు దాచారు కాబట్టి అప్పటికి పుట్టని పనిముట్టు ఇప్పుడు దాని మీద పనిచేస్తోంది. ఆమె దగ్గరున్న వెర్షను కొత్త డీఎన్‌జీ తయారుచేసి పేరు వెనక 'ఎన్‌హాన్స్‌డ్-ఎన్ఆర్' అని తగిలించింది. అక్కడి నుంచి ఫోటోషాప్‌కు. పక్కవాళ్ల భుజాలు తీసేస్తుంది, ముఖం మీద చెయ్యి వెయ్యదు. లేయర్లతో టిఫ్ ఒకటి దాచి, ల్యాబ్ ఫోల్డరులో జేపెగ్ పెడుతుంది: 20190215_బి_04818_ఫ్రేమ్_12×15_వి1.

"రేపు సాయంత్రానికి ప్రింటు వస్తుంది బాబాయ్ గారూ. ఎన్ని కాపీలు?"

"మూడు. తమ్ముళ్లిద్దరికీ." లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "అమ్మా, ఆల్బంలో లేనివి నాన్నగారివి ఇంకా ఉన్నాయంటావా?"

ఆమె రెండు కెమెరాల ఫోటోలనూ తీసిన టైము వరుసలో పెడుతుంది. రెంటి గడియారాలూ పెళ్లికి ముందే కలిపి ఉంచారు కాబట్టి ఏ, బి ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా వచ్చి కూర్చున్నాయి.

"తాతగారు మండపానికి ఎన్నింటికొచ్చారో గుర్తుందా? అక్కణ్ణుంచి చూద్దాం."