పత్తినేల సాక్ష్యం: మనస్తత్వశాస్త్ర పరిశోధనలో ఆకరాల సూచన

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ధ్వంసం చేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల మితిమీరిన పిచికారీ దాని విజృంభణకు ఒక కారణమైంది. పంట పోయి, అప్పు తీరక పలువురు రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఈ విషాదాన్ని అధ్యయనం చేసే మనస్తత్వశాస్త్ర పరిశోధకులకు ఆకరాల సమస్య తొలి అడుగులోనే ఎదురవుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలలో సేద్యం చేసేవారి ఆత్మహత్యలకు ప్రత్యేక వర్గం 1995 నుంచే ఉంది. అంతకుముందటి మరణాలకు ప్రధానంగా పత్రికా వార్తలు, పోలీసు రికార్డులు, కుటుంబ సభ్యుల జ్ఞాపకాలే ఆధారం.

ఈ శాస్త్రంలో విస్తృతంగా అనుసరించే సూచన పద్ధతి ఇటువంటి ఆకరాల కోసం పుట్టినది కాదు. రచయిత పేరును, సంవత్సరాన్ని వాక్యంలోనే చూపే రీతికి మూలంగా హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881 నాటి వ్యాసాన్ని పేర్కొంటారు. మానవశాస్త్ర, మనస్తత్వశాస్త్ర పత్రికల సంపాదకులు 1928లో సమావేశమై రూపొందించిన ఏడు పుటల నియమావళి 1929లో ‘సైకలాజికల్ బులెటిన్’లో వెలువడింది. అదే 1952లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) ప్రచురణ నియమావళిగా విస్తరించింది. దాని ఏడవ కూర్పు 2019లో వచ్చింది.

పాఠకుడు తిరిగి చూడగలిగిన ఆకరాన్నే గ్రంథసూచిలో చేర్చాలన్నది ఈ నియమావళి మూలసూత్రం. విలేకరి పేరు లేని వార్తకు శీర్షికే రచయిత స్థానంలో నిలుస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వుకు దానిని జారీ చేసిన శాఖే రచయిత. వ్యవసాయాధికారితో జరిపిన ఫోన్ సంభాషణను తేదీతో వాక్యంలో మాత్రమే చూపాలి. మరణించిన రైతు భార్య ఇచ్చిన ఇంటర్వ్యూ వీటన్నిటికీ భిన్నమైనది. అది పరిశోధన దత్తాంశం. సేకరించిన తీరును పద్ధతి విభాగంలో వివరించి, మాటలను మారుపేరుతోనో సంఖ్యతోనో ఉటంకించాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆమె పేరు మార్చి, పక్కనే భర్త పేరున్న నాటి వార్తను సూచిస్తే గోప్యత అక్కడితో ముగుస్తుంది. ఊరి పేరు, ఎకరాలు, మరణించిన తేదీ కలిస్తే ఆ ఊరివారు ఆ ఇంటిని ఇట్టే గుర్తిస్తారు. అందువల్ల పత్రికా వార్తలను చారిత్రక నేపథ్యానికి పరిమితం చేసి, ఇంటర్వ్యూలతో ముడిపెట్టకుండా ఉంచడం అవసరం.

జిల్లా పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 1987లో ప్రకాశంలో ఉన్న పర్చూరు 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఆకరంలోని పేరును యథాతథంగా ఉంచి, నేటి పేరును వివరణలో ఇవ్వడం సముచితం.

గ్రంథసూచిలో చోటు లేనంత మాత్రాన ఆ ఇల్లాలి సాక్ష్యం తక్కువది కాదు. దాని విశ్వసనీయత పద్ధతి విభాగంలోని వివరణపై ఆధారపడుతుంది. ఆ విభాగాన్ని రెండు వాక్యాలతో ముగించిన సిద్ధాంత గ్రంథంలో గ్రంథసూచి ఎంత నిర్దుష్టంగా ఉన్నా ప్రధాన ఆకరం నిరాధారంగానే మిగులుతుంది.