రెక్క బలం రంధ్రం అంచున

1903లో రైట్ సోదరులు నడిపిన విమానం రెక్కలు కర్రతో, గుడ్డతో చేసినవే. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ ఒక వింత గమనించారు. అల్యూమినియం మిశ్రలోహాన్ని వేడిచేసి, చటుక్కున చల్లార్చి కొన్నాళ్లు వదిలేస్తే దానంతటదే గట్టిపడుతోంది. డ్యూరాలుమిన్ అలా పుట్టింది. రేకు రెక్కలకు దారి పడింది.

1973లో అమెరికాలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ స్థాపించిన సంస్థ ఇంట్లోనే కట్టుకునే విమానాల కిట్లు అమ్మింది. ఆ కిట్లతో కట్టినవి వేలల్లో ఎగిరాయి. దూలంలాంటి స్పార్, పక్కటెముకల్లాంటి రిబ్బులు, పైన రేకు, వీటన్నిటినీ కలిపే వేలాది రివెట్లు: రెక్క అంటే ఇంతే.

కానీ ఇంజనీరుగా నేను ముందు చూసేది రంధ్రాన్నే. డ్రిల్లు చేశాక అంచున మిగిలే గరుకును తీయకపోతే, పదేపదే పడే ఒత్తిడికి అక్కడే సన్నని పగులు మొదలవుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు గాలిలోనే ముక్కలయ్యాయి. కారణం లోహపు అలసటేనని దర్యాప్తులో తేలింది.

నేడు ఈ పని మన తెలంగాణలోనే జరుగుతోంది. ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సి-130జె విమానాల తోక భాగాలు చేస్తోంది. అక్కడే 2018లో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే కర్మాగారం మొదలైంది.

ఆ పనికి కొలతలో నిక్కచ్చితనం, చేతికి ఓపిక కావాలి. ఆ రెండూ మన గురువులు స్కేలు, వృత్తలేఖినితోనే నేర్పారు. గంగారం పిల్లలకు ఇప్పుడు పనిముట్లు కూడా అందాలి. ఈ స్వర్ణోత్సవ సందర్భంగా బడిలో ఒక చిన్న వర్క్‌షాపు పెడదాం: డ్రిల్లు, ఆకురాయి, వెర్నియర్ కాలిపర్, కొన్ని రేకు ముక్కలు. నేర్పడానికి నేను వస్తాను.