రేకు మీద పొద్దు

మా మేనకోడలు కరీంనగర్‌లో ఆరో తరగతి చదువుతోంది. వేసవి శిబిరం నుంచి ఓ రోజు అరచేతంత అల్యూమినియం రేకు పట్టుకొచ్చింది. నడుమ ఒక ముఖం, చుట్టూ కిరణాలు, వాటి చుట్టూ చుక్కల వలయం. పాత పేపర్ల దొంతర మీద రేకును బోర్లా పరిచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనక నుంచి గీతలు నొక్కితే ముందువైపు బొమ్మ ఉబ్బి వస్తుంది. "మామా, ఇది మెక్సికో వాళ్ళ సూర్యుడు" అంది మురిసిపోతూ.

బొమ్మ చూస్తుంటే నా మనసు కోటిలింగాల మీదికి పోయింది. లోహం మీద పొద్దును గుద్దే విద్య ఈ గోదావరి ఒడ్డుకు రెండు వేల ఏళ్ళకు ముందే తెలుసు. ఆ ఒక్క సంగతి నన్ను నాలుగు రోజులు నిలవనీయలేదు.

ముందు ఆ మెక్సికో సూర్యుడి మాట. శిబిరంలో పిల్లలకు చూపించింది అజ్‌టెక్కుల సూర్యశిల. 1790 డిసెంబరు 17న మెక్సికో నగరం నడిబొడ్డున, పెద్ద చౌకులో నేల తవ్వుతుంటే బయటపడింది. దాదాపు 24 టన్నుల నల్లరాయి. అడ్డం 3.6 మీటర్లు. నడుమ ఉన్న ముఖం చుట్టూ ఒక వలయంలో ఇరవై రోజుల గుర్తులు. అయితే అది రాయి, లోహం కాదు. అజ్‌టెక్కుల లోహపు సూర్యుడు వేరే ఉండేవాడు. స్పెయిన్ సేనాని కోర్టెస్ తన రాజుకు పంపిన కానుకల్లో నిలువెడు వెడల్పున్న బంగారు సూర్యుడు, అంతే ఉన్న వెండి చంద్రుడు ఉన్నాయి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1520లో బ్రస్సెల్స్‌లో వాటిని చూసి, తన జన్మలో అంత సంతోషపెట్టిన వస్తువు మరొకటి చూడలేదని దినచర్యలో రాసుకున్నాడు. డ్యూరర్ కంసాలి కొడుకు. చిన్నప్పుడు తండ్రి కొలిమి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ పనితనం విలువ అతని కంటికి ఆనింది. ఆ బంగారు సూర్యుడు మాత్రం ఈనాడు లేడు. రాయి మిగిలింది, లోహం పోయింది. బంగారానికీ వెండికీ పట్టే గతి అదే. ఎంత గొప్ప బొమ్మయినా కరిగిస్తే ముద్దే.

అందుకే కోటిలింగాల నాణేలు మిగలడం నాకు అద్భుతంగా తోస్తుంది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట మట్టికోట దిబ్బ అది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి జగిత్యాల జిల్లా. వాన వెలిశాక ఆ దిబ్బ మీద నాణేలు తేలేవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ తపాలా శాఖలో పనిచేస్తూ, ఊరివాళ్ళకు దొరికినవాటిని ఓపికగా పోగుచేసి శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రికి చేర్చారు. వాటిని చదివితే పుస్తకాల్లో లేని రాజులు లేచి వచ్చారు: గోభద, నారన, కంవాయ, సమగోప. శాతవాహన వంశ మూలపురుషుడు ఛిముకుని నాణేలూ దొరికాయి. తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ఈ నేల గురించి నాకు తెలిసిన కథల్లో ఇంతకంటే గొప్పది లేదు. వాన కడిగిన మట్టిలో చిల్లర ఏరుకుంటే చరిత్ర దొరికింది.

అక్కడ దొరికినవాటిలో విద్ధాంక నాణేలూ ఉన్నాయి. వాటి తయారీ మన పిల్లల రేకు పనికి దగ్గరి చుట్టం. వెండిని పలచటి రేకుగా సాగగొట్టాలి. ముక్కలుగా కత్తిరించాలి. తూకం ఎక్కువైతే మూలలు తెంపాలి. 32 గురిగింజల ఎత్తు, అంటే మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ, తూగితే చాలు. ఆ మీద ఒక్కో గుర్తుకు ఒక్కో ముద్ర పెట్టి సుత్తితో కొట్టాలి. మగధ తరహా నాణేల్లో ఒక ముఖాన అయిదు గుర్తులు. దాదాపు అన్నిటి మీదా తప్పకుండా ఉండేది సూర్యుడు: నడుమ చుక్క, దాని చుట్టూ గీత, గీత నుంచి కిరణాలు. ఆరేళ్ళ పిల్ల గీసినట్టే ఉంటాడు. రాజు పేరు లేదు, ముఖం లేదు, పొద్దు ఉంది. నాణెం మీదికి అక్షరాలు ఎక్కాక సూర్యుడు పక్కకు తప్పుకున్నాడు. పెద్దబంకూరులో సుమారు 22 వేల శాతవాహన నాణేలు ఒక్కచోట దొరికాయి కానీ, నా మనసు ఆ పాత వెండి ముక్కల దగ్గరే ఆగిపోయింది.

అక్కడి నుంచి వెయ్యేళ్ళు దాటి ఆదిలాబాద్ జిల్లా జైనథ్ వెళ్దాం. సుమారు 900 ఏళ్ళ నాటి పరమార జగద్దేవుని కాలపు శాసనం ఒకటి అక్కడుంది. మొదలే సూర్యుడికి నమస్కారం. లోలార్కుడనే అధికారి భార్య పద్మావతి నింబాదిత్యుని గుడి కట్టించిందని చెబుతుంది. భర్త పేరులో అర్కుడు, దేవుడి పేరులో ఆదిత్యుడు. ఇంత పొద్దు మన ఇంటి ముందుంటే పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువయ్యారు.

రేకు మీద బొమ్మ లేపే పని మాత్రం మన దగ్గర ఎన్నడూ ఆగలేదు. జనగామ దగ్గరి పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద అదిమి, ఉలితో సుత్తితో గుడి తలుపుల తాపడాలు లేపుతారు. పిల్లల పేపర్ల దొంతర చేసే పని అక్కడ లక్క చేస్తుంది. ఉలి దెబ్బకు లొంగాలి, రేకు చిరగకుండా ఆపాలి. కరీంనగర్ వెండి నగిషీ వేరే దారి. రేకు బదులు సన్నటి తీగను మెలిపెట్టి అల్లుతారు. దానికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జైనూరు వైపు ఉషేగాం, కెస్లాగూడ ఓజాలు మట్టిముద్ద మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, మైనం కరిగిన సందులో ఇత్తడి పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో గుర్తింపు దక్కింది.

ఈ ఇళ్ళల్లో పిల్లలు ఎవరూ చెప్పకుండానే పక్కన కూర్చుని పని నేర్చుకునేవాళ్ళు. బళ్ళలో మాకు క్రాఫ్టు పీరియడ్ ఉండేది. చేతికి పని చెప్పే ఆ గంటను మార్కుల కోసం వదులుకోవడం మనం చేసిన పెద్ద తప్పు. వేసవి శిబిరాలు దాన్ని పది రోజులకైనా తిరిగి తెస్తున్నాయంటే నాకు సంతోషమే. మెక్సికో సూర్యుడి మీద నాకు కోపం లేదు, పిల్లల చేతిలో ఆయన చక్కగా ఒదిగాడు.

శిబిరాలు నడిపే టీచర్లను ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి రేకులు పంచేటప్పుడు సూర్యశిల ఫోటో పక్కన విద్ధాంక నాణెం ఫోటో కూడా పెట్టండి. నడుమ చుక్క, చుట్టూ గీత, కిరణాలు. ఒకటో తరగతి పిల్లలు కూడా నొక్కగలరు. వీలైతే ఒక ఆదివారం వాళ్ళను బస్సెక్కించి కోటిలింగాల తీసుకెళ్ళండి.