నీలిరంగు బల్లలు



ఇంగ్లండు దేశములో లండను నగరమునకు ఆగ్నేయ దిక్కున సిడ్‌కప్ అను ఊరు గలదు. మొదటి ప్రపంచ యుద్ధ దినములలో ఆ ఊరినుండి ఆసుపత్రికి పోవు బాట ప్రక్కను కొన్ని బల్లలకు నీలిరంగు వేసిరి. ముఖము ఛిద్రమైన సైనికులు వాటిపై కూర్చుండెడివారు. బాటసారులు దూరమునుండియే ఆ రంగును చూచి, తాము చూడబోవుదానికి మనస్సు సిద్ధపరచుకొనవలెనని ఆ గుర్తు. కాలు పోయిన సైనికుడు ఎదురైనప్పుడు జనులు గౌరవించిరి. ముఖము పోయినవాడు ఎదురైనప్పుడు తల త్రిప్పుకొనిరి. ఆ బల్లలను జ్ఞాపకముంచుకొనుడి. వాటియొద్దకు మరల వచ్చెదము.

గాయములన్నిటిలో ముఖమునకు తగిలిన గాయము వేరు. మనము ఊపిరి పీల్చుట, భుజించుట, మాటలాడుట, చూచుట, నవ్వుట, ఇవన్నియు ఆ జానెడు చోటులోనే జరుగుచున్నవి. తల్లి బిడ్డను గుర్తించునదియు ముఖముచేతనే. కాబట్టి ముఖమును బాగుచేయు వైద్యుడు మాంసమునే గాక మనుష్యుని మరల మనుష్యుల నడుమ నిలువబెట్టవలసియున్నది.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. తెగిన ముక్కును చర్మముతో తిరిగి కట్టు విధము సుశ్రుత సంహితలో చెప్పబడియున్నది. 1792 యుద్ధములో ఇంగ్లీషు సేనకు బండి తోలిన కవాస్జీ అనువాడు టిప్పు సుల్తాను సేనకు చిక్కగా, వారు అతని ముక్కును ఒక చేతిని కోసివేసిరి. తరువాత పూనా ప్రాంతమున ఇటుకల పనివారి కులములోని ఒకడు అతనికి ముక్కు కట్టెను. అతడు మైనముతో ముక్కు ఆకారము చేసి, దానిని చదునుచేసి నుదుటిపై పరచి గీత గీసెను. ఆ గీతవెంట చర్మమును కోసి, కనుబొమల నడుమ సన్నని భాగమును మాత్రము తెగకుండ నిలిపి, చర్మమును క్రిందికి త్రిప్పి అతికెను. తెగని ఆ భాగముగుండ రక్తము పారెను గనుక చర్మము చావలేదు. ఈ సంగతి 1794 అక్టోబరులో లండను పత్రికయైన జెంటిల్‌మన్స్ మాగజీనులో అచ్చుపడెను. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు 1814లో లండనులో అట్టి చికిత్స చేసెను.

పిమ్మట నూరేండ్లకు మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. సైనికులు కందకములలో నిలిచి పోరాడిరి గనుక వారి దేహము మరుగున నుండెను; తల మాత్రము గుండ్లకు ఎదురయ్యెను. న్యూజీలాండులో 1882లో పుట్టిన హెరాల్డ్ గిల్లీస్ అను శస్త్రవైద్యుడు 1916లో ఆల్డర్‌షాటు సైనిక ఆసుపత్రిలో ముఖగాయముల కొరకు ప్రత్యేకముగా ఒక విభాగము తెరిచెను. ఆ జూలైలో సోమ్ నదీప్రాంతపు యుద్ధమారంభమైనప్పుడు 200 మంది వచ్చెదరని సిద్ధపడగా, రమారమి 2,000 మంది వచ్చిరి. చోటు చాలక 1917లో సిడ్‌కప్‌లో పెద్ద ఆసుపత్రి తెరువబడెను. అచ్చట 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించిన శస్త్రచికిత్సలు జరిగెను.

అచ్చటివారు నేర్చుకొనిన పాఠములు కష్టముతో వచ్చినవి. దవడ విరిగిన సైనికుడు తల ముందుకు వంచుకొని నడిచినంతసేపు బ్రదికియుండి, డోలీపై వెల్లకిల పరుండబెట్టగానే నాలుక వెనుకకు జారి ఊపిరాడక మరణించుట కెల్సీ ఫ్రై అను వైద్యుడు యుద్ధరంగమున కన్నులార చూచెను. అప్పటినుండి అట్టివారిని కూర్చుండబెట్టియో, ముఖము క్రిందికుండునట్లో మోయవలెనని ఆయన బోధించెను. ఆయనే తరువాత గిల్లీసుకు దవడల పనిలో కుడిభుజమయ్యెను.

పోయిన మాంసమెంతయో చూడక గాయపు అంచులను లాగి కుట్టినయెడల లోపల చీముపట్టి కుట్లు విడిపోవునని, మానినను ముఖము వంకరపోవునని గిల్లీసు కనుగొనెను. 1917లో ఒక నావికునికి చికిత్స చేయుచు, రొమ్మునుండి లేపిన చర్మపు పట్టె అంచులు లోపలికి చుట్టుకొనుట చూచి, వాటిని గొట్టమువలె కలిపి కుట్టెను. పచ్చి భాగము లోపల మూయబడుటచేత చీముపట్టుట తగ్గెను, రక్తప్రసారము నిలిచెను. కాని 1918లో ఒక యువ విమానికుని కాలిన ముఖమంతటికి ఒకేసారి రొమ్ము చర్మము కప్పబూనగా, ఆ చర్మము కుళ్లి అతడు మరణించెను. తొందరపడరాదను పాఠమును గిల్లీసు ఆ మరణమువలన నేర్చుకొని, తన శిష్యులకు జీవితాంతము చెప్పెను.

చీము అంత భయంకరమైనదా అని మీరడుగవచ్చును. ముక్కునకు పై పెదవికి నడుమనున్న రక్తనాళములు పుర్రె లోపలి నాళములతో కలిసియున్నవి. అచ్చటి కురుపును గోటితో చిదిమినయెడల ఆ విషము మెదడువరకు పోగలదు. ఈ మాట మీ ఇంటి పిల్లలకు తప్పక చెప్పుడి. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డులో ఆల్బర్ట్ అలెగ్జాండరు అను పోలీసు ముఖమున గాయము చీముపట్టి, ఒక కన్ను పోయి చావునకు సిద్ధముగా నుండెను. అప్పుడే తయారగుచున్న పెనిసిలిన్ మందును అతనికిచ్చిరి. అతడు ఆశ్చర్యముగా తేరుకొనెను. కాని మందు చాలలేదు. అతని మూత్రమునుండి మందును మరల తీసి యిచ్చినను అదియు అయిపోయెను. మార్చి 15న అతడు మరణించెను. నేడు మన ఆసుపత్రులలో సూదిమందు తేలికగా దొరకుచున్నప్పుడు ఆ పోలీసును తలంచుకొనుట మంచిది.

ఇప్పుడు బల్లల సంగతికి వచ్చెదము. రెండవ ప్రపంచ యుద్ధములో ముఖములు, చేతులు కాలిన విమానికులకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను మరియొక ఊరిలో ఆర్చిబాల్డ్ మెకిండో చికిత్స చేసెను. ఆయన గిల్లీసు బంధువే. సముద్రములో పడిన విమానికుల గాయములు నేలమీద పడినవారి గాయములకంటె మేలుగా మానుట గమనించి, ఆయన వారిని ఉప్పునీటి తొట్లలో స్నానము చేయించెను. అంతటితో ఆయన ఊరకుండలేదు. ఊరివారియొద్దకు పోయి, ఈ యువకులను మీ యిండ్లకు భోజనమునకు పిలువుడి, వారిని తేరిపార చూడకుడి, మొగము త్రిప్పుకొనకుడి అని అడిగెను. ఊరివారు ఆలాగే చేసిరి. తేరిపార చూడని ఊరని దానికి పేరు వచ్చెను. ఆ రోగులు 1941లో ఒక సంఘముగా ఏర్పడగా, యుద్ధాంతమునకు అందులో 649 మంది సభ్యులుండిరి.

రెండు ఊళ్లలోను వైద్యులు నేర్పరులే, రోగులు ధైర్యవంతులే. ఒక ఊరు బల్లకు రంగు వేసెను. ఒక ఊరు తలుపు తెరిచెను. శస్త్రవైద్యుడు చర్మమును అతుకగలడు గాని, ఆ ముఖమును ఎదురుగా చూచి కుశలమడుగు పని ఇరుగుపొరుగువారిది.

మన పల్లెలలో పొయ్యిమంటకు ముఖము కాలిన స్త్రీలున్నారు, ఎలుగుబంటి చీరిన పురుషులున్నారు, గ్రహణపు మొర్రితో పుట్టిన బిడ్డలున్నారు. మొర్రిని కుట్టి సరిచేయవచ్చును. తలిదండ్రులు దాచిపెట్టక బిడ్డను ఆసుపత్రికి కొనిపోవలెను. ఇక ఆరాధనకు వచ్చి వెనుక మూలన పైట ముఖముపైకి లాగుకొని కూర్చుండు అక్క మీ గుడిలో ఎవరైన నున్నారా? మన బల్లలకు రంగు వేయలేదు. అయినను ఆమె ప్రక్క చోటు ఖాళీగా నున్నయెడల అదియు నీలిరంగు బల్లయే. వచ్చు ఆదివారము మీరు పోయి అచ్చట కూర్చుండుడి. ఆమె కన్నులలోనికి చూచి, "అక్కా, బాగున్నావా?" అని అడుగుడి.