కెలమంగలం సీమలో కాపురపు పొదుపు

పొదుపు అనే మాట వినగానే మనలో పలువురికి పిసినారి గుర్తుకు వస్తాడు. ఇది న్యాయం కాదు. పిసినారి కలిగి ఉండీ తినడు. సంసారి మాత్రం రేపు కూడా తినగలగాలని ఈ పూట కొంత ఆపుకుంటాడు. పిల్లలను, పెద్దలను, పశువులను వెంటబెట్టుకొని ఒక పంటనుండి మరొక పంటకు అప్పు లేకుండా చేరుకోవడం మన పూర్వులు నేర్చిన విద్యలలో ఒకటి. ఆ విద్య ఎక్కడ నెగ్గినదో, ఎక్కడ ఓడినదో తెలుసుకోవడానికి ఈ ఉగాది సంచికలో కెలమంగలం సీమను ఉదాహరణగా తీసుకుంటున్నాము.

కెలమంగలం నేడు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉన్నది. 1965 వరకు అది సేలం జిల్లాలోనిది; ఆ యేట ఏర్పడిన ధర్మపురి జిల్లాలో చేరి, 2004లో కృష్ణగిరి జిల్లాకు వచ్చినది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినబడే చోటు అది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయినది. మనము బ్రతుకుతెరువుకై ఊరు విడిచి పరభాషల నడుమకు వచ్చినవారము. అక్కడి తెలుగువారు తరతరాలుగా సొంత ఊళ్ళలోనే ఉంటూ పరభాషల నడుమ ఇంటి భాషను కాపాడుకుంటున్నారు. అందువల్ల వారి కథ మనకు పరాయిది కాదు.

హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నది. ఎర్రనేల, వానను నమ్ముకొన్న సేద్యం, చెరువు నిండితే కొంచెం వరి, లేకుంటే రాగి. ఆ సీమలో రాగియే ప్రాణాధారం. వరి అన్నం పండుగనాటి మాట.

ఇక రూపాయి సంగతి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహల్ కుంఫిణీవారి వశమైనది. 1799లో టిప్పు సుల్తాను మీదికి పోతూ జనరల్ హారిస్ సేన కెలమంగలం దగ్గర విడిది చేసినది; ఆ యుద్ధం ముగియగానే హోసూరు ప్రాంతం కూడా కుంఫిణీ పాలన క్రిందికి వచ్చినది. బారామహల్‌లో శిస్తు ఏర్పాటు చేసినవాడు అలెగ్జాండర్ రీడ్. ఆయన క్రింద పని నేర్చినవాడు థామస్ మన్రో. తరువాత దత్తమండలాలలో మన్రో దొరగా మనవారు ఎరిగినది ఈయననే. రైతు ఎవరి శిస్తు వారే నేరుగా సర్కారుకు చెల్లించే రైత్వారీ పద్ధతికి అక్కడే పునాది పడినది. ఆ పద్ధతి మంచిచెడ్డలు ఎట్లున్నా, ఇంటి ఇల్లాలికి దానివల్ల ఒక సంగతి తేటతెల్లమైనది: ఏటా కొన్ని రూపాయలు తప్పక కూడబెట్టి ఉంచవలె. ఉప్పుకు, గుడ్డకు, ఇనుముకు కూడా రూపాయే కావలె. కనుక మిగిలిన ఏ అవసరానికీ రూపాయి గడప దాటకుండా చూడడమే ఆ సీమ పొదుపులోని కీలకం.

దానికి మొదటి సాధనం రాగి పాతర. గట్టినేలలో మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, రాగులు పోసి, పైన మన్ను కప్పేవారు. రాగి గింజ చిన్నది, పొట్టు గట్టిది. పురుగు దానిని అంత సులభంగా అంటదు. తడి తగలకుండా ఉంటే యేండ్ల తరబడి చెడదు. పాతర తెరచిన వెంటనే లోపలికి దిగరాదు. గాలి విషమై ఉంటుంది. కొంతసేపు తెరిచి ఉంచి, దీపం దింపి చూచి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగవలె. పంట చేతికి రాగానే శిస్తుకూ విత్తనానికీ పాతరకూ భాగాలు తీసి, మిగిలినదానితోనే ఇల్లు గడుపుకొనేవారు. ఖర్చు పోగా మిగిలినది దాచుదామనుకొంటే ఏనాడూ మిగలదని వారికి తెలుసును.

రెండవ సాధనం కలిపి విత్తడం. రాగి చేనులో కొన్ని సాళ్ళకొకటి చొప్పున అనుములు, అలసందలు, ఆవాలు, ఆముదాలు వేసేవారు. ఒక వాన తప్పి రాగి తగ్గినా మరొకటి కొంతైనా నిలిచేది. పప్పు, తాలింపుగింజ, దీపపు నూనె అదే చేనునుండి వచ్చేవి. అప్పు చేసి పప్పుకూడు తినవద్దని మన సామెత. ఆ ఇళ్ళలో పప్పుకై అప్పుచేసే అగత్యమే రాకుండా చేను సర్దుకొన్నారు. గట్లమీది కానుగ చెట్టు ఆకు పొలానికి ఎరువు, గింజ దీపానికి నూనె.

వంటింటి పొదుపును మా సోదరీమణులు శ్రద్ధగా గమనింతురుగాక. అనుములు ఉడికించి వార్చిన నీటితో చారు కాచి, గింజలకు తాలింపు పెడితే ఒకే పొయ్యిమీద రెండు వంటకాలు. నానబెట్టిన అనుములను పితికితే పితుకుపప్పు మనుషులకు, పొట్టు పశువులకు. రాత్రి మిగిలిన రాగిముద్దను మట్టికుండలో నీళ్ళుపోసి ఉంచితే, తెల్లవారి మజ్జిగ కలిపిన అంబలి. పొలానికి పోయేవారికి చలువ, బలమూను. ఉలవలు ఎద్దులకు ఉడికించినప్పుడు ఆ కట్టు చారుకు పనికివచ్చేది. చినుకులు పడగానే గట్లమీద మొలిచే ఆకుకూరలు, చింతచిగురు, మునగాకు కొనవలసినవి కావు. విత్తనపు గింజలకు బూడిదయో ఎర్రమన్నో పట్టించి ఎండబెట్టి దాచేవారు. పాత చీర బొంత అయ్యేది. బొంత చినిగితే మసిగుడ్డ అయ్యేది. వీటిలో ఏదీ గొప్ప రహస్యం కాదు. ప్రతి వస్తువుకూ రెండవ ప్రయోజనం చూడనిదే దానిని పారవేయరాదన్న నియమం ఒక్కటే వీటన్నిటి వెనుక ఉన్నది.

అయితే ఇంతటి జాగ్రత్తకూ హద్దు ఉన్నదని చరిత్ర చెబుతున్నది. 1876–78 నాటి ధాత కరువు దక్షిణదేశాన్ని తుడిచిపెట్టినప్పుడు సేలం జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. 1871 జనాభా లెక్కలో ఆ జిల్లాలో సుమారు 19 లక్షల 67 వేలమంది ఉండగా, 1881 నాటికి సుమారు 16 లక్షలమంది మాత్రమే లెక్కకు వచ్చిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం చాలునని కూలిని తగ్గించినాడు. సర్కారువారి ఆ లెక్కను పొదుపు అనడానికి మాకు నోరు రాదు. వరుసగా వానలు తప్పితే పాతర ఎంత లోతైనదైనా అడుగు కనబడుతుంది. పాతరయే లేని కూలివాని గతి చెప్పనక్కరలేదు. ఆ కరువు తరువాతనే, కరువు రక్షణకని, 1905–06లో తిరుపత్తూరునుండి కృష్ణగిరికి, మొరప్పూరునుండి ధర్మపురికి చిన్న రైలు మార్గాలు వేసిరి. రెండవది తరువాత హోసూరు దాకా సాగినది. తరువాతి కాలంలో అవి మూతబడినవి.

కరువు పోయినా రెండు కన్నాలు మిగిలినవి. ఒకటి వడ్డీ, రెండవది కల్లుసారాయి దుకాణం. ఆడది పిడికెడు పిండి మిగిల్చితే, మగవాడు సాయంత్రానికి కూలిడబ్బు దుకాణంలో వదలి వచ్చే ఇళ్ళు ఎన్నో. ఈ రెండు కన్నాలను మూయడానికి పూనుకొన్నవాడు ఆ సీమ బిడ్డయే. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1937లో మద్రాసు రాజధాని ప్రధాని అయిన కొద్ది నెలలకే, అక్టోబరు 1వ తేదీనుండి మద్యనిషేధం తెచ్చిరి. ప్రయోగంగా మొదట ఎన్నుకొన్నది సేలం జిల్లాను. అందులో కెలమంగలమూ ఉన్నది. మరుసటి యేడు వ్యవసాయదారుల ఋణ విమోచన శాసనం వచ్చినది. పాత అప్పులమీద అదే 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని అది కొట్టివేసినది. అసలుకు రెండింతలు ముట్టజెప్పినవాని అప్పు తీరినట్లే నని విధించినది. ఆబ్కారీ రాబడి పోయినందుకు 1939లో అమ్మకపు పన్ను పెట్టవలసి వచ్చినది. నేటి మన అంగడి రశీదులలోని పన్నుకు ఒక వేరు ఆ నిషేధంలో ఉన్నదన్నమాట.

ఈ శాసనాలతో అంతా చక్కబడినదని చెప్పలేము. నిషేధం యుద్ధకాలంలో సడలి, 1948లో రాష్ట్రమంతటా వచ్చి, 1971లో మరల సడలినది. దొంగసారా ఎప్పుడూ ఉండనే ఉన్నది. అయినా ఇంటి పొదుపు ఇంటి గోడల మధ్యనే తేలే వ్యవహారం కాదనీ, వడ్డీ దరా, దుకాణమా, శాసనమా అన్నవి కూడా పోపులపెట్టెలోని రూకలను తాకుతవనీ ఆ రెండేండ్లు రుజువు చేసినవి.

మూడవ ఘట్టం మన కాలంలోనిది. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో తమిళనాడు ప్రభుత్వం మహిళాభివృద్ధి పథకాన్ని ఆరంభించినప్పుడు మొట్టమొదట ఎన్నుకొన్నది ధర్మపురి జిల్లాను. అప్పుడు కెలమంగలం ఆ జిల్లాలోనిదే. పది పదిహేనుమంది స్త్రీలు ఒక సంఘంగా కూడి, వారం వారం కొంత వేసుకొని, అవసరమైనవారికి తమలో తామే అప్పు ఇచ్చుకొని, లెక్క అందరి ఎదుట చదివే పద్ధతి ఇది. మన తెలుగునాట కూడా ఇటువంటిదే జరిగినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా ప్రాకి, 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధం తెచ్చినది. ఆ వెనుక అదే జిల్లాలో రోజుకొక రూపాయి వేసుకొనే పొదుపులక్ష్మి సంఘాలు వెలసినవి. సేలంలో 1937లో వచ్చిన తేదీయే యాభైఆరేండ్ల తరువాత ఆంధ్రదేశంలోనూ వచ్చినది! ఈ మారు దానిని తెచ్చినవారు ఆడవారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవలె. పూర్వపు పొదుపును మనం ఎంత మెచ్చుకొన్నా, దాని భారం తరచు ఒకరి విస్తరిమీదనే పడేది. అందరూ తిన్న తరువాత కుండ అడుగున మిగిలినది ఇల్లాలి భాగం. ఆమె తినకుండా మిగిల్చిన ముద్దను ఏ లెక్కలోనూ ఎవరూ వ్రాయలేదు. సంఘాలు వచ్చిన తరువాత ఆమె మిగుల్చుకొన్న రూపాయి ఆమె పేరనే పుస్తకంలోకి ఎక్కినది. పాతరకూ సంఘానికీ నడుమ జరిగిన మార్పులలో ఇదే పెద్దదని మా అభిప్రాయం.

నేడు హోసూరు కర్మాగారాల ఊరు. కెలమంగలం చుట్టుపట్ల పిల్లలు నెలజీతాలకు పోతున్నారు. నెలజీతపు సంసారాల కష్టం మనకు తెలియనిది కాదు. ఇంటి అద్దె, బడి రుసుము, ఊరికి ప్రయాణపు ఖర్చు, పెండ్లి పేరంటాలు. కరువులో అధికమాసం అన్నట్లు నెల చివర వచ్చే చుట్టాలు! మనకు పాతర లేదు, చేను లేదు. కాని పాతర నియమం మనకూ పనికివస్తుంది. జీతం రాగానే దాచవలసినది ముందు తీసిపెట్టి, మిగిలినదానితో నెల గడుపుదము. ఒక నెల జీతం ఆగినా ఇల్లు కదలకుండా రెండు మూడు నెలల గ్రాసం విడిగా ఉంచుదము. ఇంటి లెక్క ఒక పుస్తకంలో వ్రాసి, ఆలుమగలిద్దరూ కలిసి చూతము. కోత ఎవరి కంచంలో పడుచున్నదో ఆ పుస్తకమే చెబుతుంది. తిండికీ ఆడంబరానికీ అప్పు చేయక, చదువుకో వైద్యానికో తప్పనిసరియైతే తీర్చే దారి చూచుకొనే చేతము.

అన్నిటికంటె ముఖ్యం, ఒంటిగా దాచినది ఒక్క దెబ్బకు పోతుంది. పరభాషా ప్రాంతంలో చుట్టాలు దూరమైన మనకు ఈ మాట మరింత వర్తిస్తుంది. పండుగలకు చందాలు పోగుచేయడం మన సంఘానికి చేతనవును. అదే చేతితో, ఆపదలో ఉన్న కుటుంబానికి వడ్డీలేని అప్పు ఇచ్చే చిన్న నిధిని ఎందుకు నిలుపుకోరాదు? దాని లెక్క అందరి ఎదుట చదవబడవలె. దాని తాళంచెవి మన స్త్రీల చేతిలో ఉండవలె. ఈ ఉగాదినాడు పంచాంగశ్రవణంలో ఆదాయవ్యయాలు వినే సభ్యులందరూ, ఆ వెంటనే ఈ విషయం కూడా ఆలోచింపవలెనని కోరుతూ, మా శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.